పరిమిత, అపరిమిత సమష్టులు
సాంఖ్యక శాస్త్రంలో అధ్యయనానికి తీసుకొన్న వస్తువుల లేక వ్యక్తుల మొత్తాన్ని సమష్టి అని, దాని నుండి పరీక్షకు ఎంచుకొన్న భాగాన్ని నమూనా అని అంటారు. ఓటర్ల జాబితా వలె సభ్యుల సంఖ్య నిర్దిష్టంగా ఉన్నది పరిమిత సమష్టి. నాణేన్ని ఎగురవేస్తూ పోతే వచ్చే ఫలితాల వలె అంతు లేనిది అపరిమిత సమష్టి.

ఆచరణలో ఈ భేదానికి ప్రాముఖ్యం నమూనా సమష్టిలో ఎన్నవ వంతు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది 5 శాతానికి మించనప్పుడు పరిమిత సమష్టిని కూడా అపరిమితంగానే భావించడం పరిపాటి.

ఉదాహరణకు, 2 శాతం ఓటింగు యంత్రాలలో లోపముందనుకొందాం. కనీసం ఒక్కటైనా 95 శాతం సంభావ్యతతో బయటపడాలంటే అపరిమిత సమష్టిలో 149 యంత్రాలను పరీక్షించాలి. సమష్టి 10 లక్షలైనా అంతే. 250 యంత్రాలే ఉన్న నియోజకవర్గంలో 112 చాలు. కానీ అవి మొత్తంలో దాదాపు 45 శాతం!

2019 ఎన్నికలకు ముందు ఈ విషయం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. ఎన్నికల సంఘం నియమించిన నిపుణులు దేశంలోని యంత్రాలన్నిటినీ ఒకే సమష్టిగా తీసుకొని, 479 యంత్రాల వీవీప్యాట్ చీటీలు లెక్కిస్తే చాలన్నారు. చంద్రబాబు నాయుడు తదితర ప్రతిపక్ష నాయకులు ప్రతి శాసనసభ నియోజకవర్గంలోనూ సగం లెక్కించాలని కోరారు. 2019 ఏప్రిల్ 8న న్యాయస్థానం నియోజకవర్గానికి ఒకటిగా ఉన్న సంఖ్యను ఐదుకు పెంచింది. పై ఉదాహరణలోని నియోజకవర్గాన్ని విడిగా చూస్తే, ఐదింటితో లోపం పట్టుబడే సంభావ్యత 10 శాతం లోపే.