ఇసుకయందలి రేడియోధార్మికతను కొలుచు విధము

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రాతినేలలయందును, భీమునిపట్టణపు నల్లయిసుకయందును రేడియము, థోరియము, రేడియోధార్మిక పొటాసియము సహజముగనే కలవు. తీరమున అలలు తేలిక యిసుకను కొనిపోయి బరువైన మోనజైటు రేణువులను విడుచుటచే అచ్చట థోరియ మధికము.

కొలుచుటకు ఇసుకను ఎండబెట్టి, జల్లించి, తూచి, గాలి చొరని డబ్బాలో ఒక నెల యుంచెదరు. లోపలి రేడాన్ వాయువు నిలుకడకు వచ్చిన పిదప, సీసపు గోడల నడుమ గామాకిరణములను యంత్రముతో లెక్కింతురు. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైన అది ఒక బెకెరల్.

2000వ సంవత్సరపు ఐక్యరాజ్యసమితి శాస్త్రసంఘ నివేదిక ననుసరించి, ప్రపంచపు నేలలలో కిలోకు మధ్యగత విలువలు రేడియము 35, థోరియము 30, పొటాసియము 400 బెకెరళ్లు. థోరియమును 1.43 చేతను, పొటాసియమును 0.077 చేతను గుణించి రేడియమునకు కలిపిన 109 వచ్చును. ఇట్టి మొత్తము 370 మించినది గృహనిర్మాణమునకు తగదు. కావున తీరపు నల్లయిసుక చౌకగా దొరకినను, కొలిపింపక యింటికి వాడవలదని మా మనవి.