ఓయూలో ఇన్ని వింతలా!

మీకు తెలుసా? ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి గంట కొట్టింది ఇప్పుడున్న తార్నాక పక్కన కాదు, గన్‌ఫౌండ్రీలో! ఒకప్పుడు ఫిరంగులు పోతపోసిన పేట అది. తొలి ఏడాది విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. తొమ్మిది మందికో మాస్టారు! వెనక బెంచీలో కునుకు తీసే వీలెక్కడిది?

మీకు తెలుసా? లెక్కలూ సైన్సే కాదు, డాక్టరు చదువు కూడా అప్పట్లో అక్కడ ఉర్దూలోనే! మరి పుస్తకాలో? వాటిని అనువదించడానికి 1917లోనే ‘దారుల్ తర్జుమా’ పెట్టారు. పిల్లలు రాకముందే పుస్తకాల పని మొదలన్నమాట!

మీకు తెలుసా? జ్ఞానపీఠం అందుకున్న మన కవి సినారె ఓయూలో డిగ్రీ చదివింది ఉర్దూ మాధ్యమంలో! పాఠాలు ఉర్దూలో, పాటలు తెలుగులో. శభాష్!

మీకు తెలుసా? ఆర్ట్స్ కాలేజీకి రూపమిచ్చిన ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం దేశస్థుడు. అంతకుముందే ఇద్దరు ఇంజనీర్లు భవనాలు చూడ్డానికి దేశదేశాలు తిరిగొచ్చారు. ‘ఇల్లు కట్టి చూడు’ అంటారు కదా, వీళ్లు చూసొచ్చి కట్టారు! ఆ భవనం 1939లో ప్రారంభమైంది.

మీకు తెలుసా? ఓ నవాబు సరదాగా పెట్టుకున్న నిజామియా వేధశాల 1919లో ఓయూ చేతికొచ్చింది. అక్కడ స్థానాలు గుర్తించిన నక్షత్రాలు 7 లక్షలకు పైనే! డాబా మీద పడుకుని లెక్కపెడితే మనకు వంద దాటకముందే నిద్రొస్తుంది.

మీకు తెలుసా? 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. జనమంతా తలుపులు బిడాయించుకుని ఇళ్లలో కూర్చుంటే, ఓయూ వాళ్ల జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలకు మాత్రం పండగే పండగ!

మీకు తెలుసా? 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా కింద ఉన్న కాలేజీల విద్యార్థులను బయటికి పంపేశారు. వాళ్లలో హనుమకొండలో చదువుతున్న ఓ కుర్రాడు 1991లో ప్రధాని అయ్యాడు. ఆయనే పి.వి.నరసింహారావు!

మీకు తెలుసా? 1984లో అంతరిక్షానికి వెళ్లిన రాకేశ్ శర్మ ఓయూ పరిధిలోని నిజాం కాలేజీ విద్యార్థే. క్లాసు ఎగ్గొట్టి ఇంత దూరం వెళ్లినవాళ్లు ఇంకెవరూ లేరు లెండి!

మీకు తెలుసా? 1897లో దోమ కడుపులో మలేరియా గుట్టు పట్టేసిన రోనాల్డ్ రాస్ పేరిట బేగంపేటలో ఉన్న సంస్థ కూడా ఓయూదే. దోమకీ ఓ చరిత్ర!

ఈసారి ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగి వచ్చేయకండి. పక్కనున్నవాళ్లను ఒక్క ప్రశ్నైనా అడగండి: మీకు తెలుసా?