బొగ్గు ముద్దల్లో లైబ్రరీ... చదివింది విద్యార్థులే!

కాలిన పొగాకు చుట్టలా కనిపించే నల్లటి ముద్ద. గట్టిగా పట్టుకుంటే పొడైపోతుంది. దాన్ని విప్పకుండానే లోపలి అక్షరాలు చదవాలి. సాధ్యమేనా? 2023లో ఈ సవాలు విని ప్రపంచంలో ఎందరో ల్యాప్‌టాప్‌లు తెరిచారు. ఏడాది తిరక్కుండానే ముగ్గురు విద్యార్థులు 7 లక్షల డాలర్ల బహుమతి కొట్టేశారు. ఆ ముద్దలు దొరికింది ఇటలీ తీరంలో భూమిలో కూరుకుపోయిన ఓ రోమన్ విల్లాలో. ‘హిస్టరీ చదివితే ఉద్యోగమొస్తుందా? కోడింగ్ నేర్చుకుంటే ఐటీ కంపెనీ ఒక్కటే దారా?’ అని తర్జనభర్జన పడుతున్నారా? అయితే ఈ కథ మీకోసమే.

సముద్రం ఎదుట భవంతి

నేపుల్స్ అఖాతం ఒడ్డున, వెసూవియస్ అగ్నిపర్వతం పాదాల దగ్గర హెర్క్యులేనియం అనే చిన్న పట్టణం ఉండేది. రోమ్ సంపన్నులకు ఈ తీరమంటే మహా మోజు. ఊరి అంచున సముద్రానికి ఎదురుగా, సుమారు 250 మీటర్ల పొడవున ఓ విల్లా వెలిసింది. పొడవాటి కొలను, దాని చుట్టూ స్తంభాల వరండా, తోట నిండా కంచు, పాలరాతి శిల్పాలు! జూలియస్ సీజర్ మామ లూసియస్ కల్పూర్నియస్ పీసో దీని యజమాని అయ్యుంటాడని చాలామంది పండితుల అంచనా. ఆయన ఆదరించిన గ్రీకు తత్వవేత్త ఫిలోడెమస్ రచనలే ఇక్కడి గ్రంథాల్లో ఎక్కువ.

క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైంది. మండే బూడిద, వాయువులు కలిసి వరదలా ముంచెత్తడంతో విల్లా 20 మీటర్లకు పైగా లోతున కూరుకుపోయింది. సముద్రం కొన్ని వందల మీటర్లు వెనక్కి జరిగింది. విచిత్రమేమిటంటే, విల్లాను నాశనం చేసిన ఆ వేడే పుస్తకాలను కాపాడింది. పపైరస్ చుట్టలు మంటల్లో బూడిద కాకుండా బొగ్గుగా మారాయి. మామూలుగా అయితే ఆ తేమ నేలలో ఎప్పుడో కుళ్లిపోయేవి.

తొందరపడితే పొడే

1750లో బావి తవ్వుతుంటే విల్లా బయటపడింది. స్విస్ ఇంజినీర్ కార్ల్ వెబర్ గాలి ఆడని సొరంగాల్లో తిరుగుతూ గది గదికీ కొలతలు వేసి ప్లాన్ గీశాడు. అమెరికాలోని మాలిబులో 1974లో తెరిచిన గెట్టీ విల్లా మ్యూజియానికి ఆ ప్లానే ఆధారం. ఒక ఇంజినీర్ శ్రద్ధగా గీసిన డ్రాయింగ్ రెండు శతాబ్దాల తర్వాత కూడా పనికొచ్చిందన్నమాట!

1752లో నల్లటి ముద్దలు దొరికాయి. మొదట బొగ్గనుకుని కొన్నింటిని పారేశారు. పుస్తకాలని తెలిశాక కత్తితో కోసి చూశారు. చాలా పాడయ్యాయి. 1753లో వాటికన్ నుంచి ఆంటోనియో పియాజ్జో అనే ఫాదర్ వచ్చాడు. పట్టు దారాలతో కొద్దికొద్దిగా విప్పే యంత్రం తయారుచేశాడు. మొదటి చుట్ట విప్పడానికి సుమారు నాలుగేళ్లు పట్టింది. ముక్కలతో కలిపి మొత్తం 1,800 దాకా దొరికితే, వాటిలో వందల చుట్టలు విప్పకుండానే మిగిలిపోయాయి.

ఎక్స్‌రేకు చిక్కని సిరా

అమెరికాలోని కెంటకీ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ బ్రెంట్ సీల్స్ ఈ సమస్య మీద ఏళ్ల తరబడి పనిచేశారు. చుట్టను సీటీ స్కాన్ తీసి, పొరలను కంప్యూటర్‌లోనే విప్పడం ఆయన పద్ధతి. ఇజ్రాయెల్‌లోని ఎన్‌గెడిలో దొరికిన కాలిన చుట్టను ఇలాగే చదివారు. హెర్క్యులేనియం చుట్టలు మాత్రం మొండికేశాయి. ఇక్కడ సిరా కూడా మసితో చేసిందే. బొగ్గు మీద మసి రాత... ఎక్స్‌రేకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

2023 మార్చిలో స్కాన్ డేటాను అందరికీ ఇచ్చేసి ‘వెసూవియస్ ఛాలెంజ్’ పేరుతో పోటీ పెట్టారు. కేసీ హ్యాండ్‌మర్ అనే పోటీదారు గంటల తరబడి స్కాన్లు చూస్తూ కూర్చుని, సిరా ఉన్నచోట ఎండిన చెరువు మట్టిలా సన్నని పగుళ్లు ఉన్నాయని కనిపెట్టాడు. నెబ్రాస్కాలో చదువుతున్న 21 ఏళ్ల లూక్ ఫారిటర్ ఆ ఆనవాళ్లతో మెషీన్ లెర్నింగ్ మోడల్‌కు శిక్షణ ఇచ్చాడు. తొలి పదం తేలింది: ‘ఊదా రంగు’ అనే అర్థమున్న గ్రీకు పదం. బెర్లిన్‌లో పరిశోధన చేస్తున్న ఈజిప్టు విద్యార్థి యూసెఫ్ నాదెర్ కూడా విడిగా అదే పదాన్ని పట్టుకున్నాడు. పోటీదారులే కదా అని దూరంగా ఉండకుండా ఇద్దరూ చేతులు కలిపారు. స్విట్జర్లాండ్‌లో రోబోటిక్స్ చదువుతున్న జూలియన్ షిల్లిగర్ తోడయ్యాడు. 2024 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రకటించారు. చదివింది 2,000కు పైగా అక్షరాలు, అంటే ఆ చుట్టలో సుమారు 5 శాతం. సంగీతం, తిండి వంటి వాటిలో ఆనందం గురించిన తాత్విక చర్చ అది. అరుదుగా దొరికేది ఎక్కువ ఆనందాన్నిస్తుందా అని ఆ రచయిత అడుగుతున్నాడు!

మరి మనకేంటి?

అందరికీ లక్షల డాలర్లు రావు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. అయితే ఈ పనిలో ఎవరెవరు కలిశారో చూడండి. ఫిజిక్స్ వాళ్లు స్కాన్ తీశారు. కంప్యూటర్ వాళ్లు పొరలు విప్పారు. ఆ అక్షరాలు నిజమో కాదో తేల్చింది ప్రాచీన గ్రీకు చదివిన పండితులు. వాళ్లు లేకపోతే మోడల్ చూపించింది వట్టి మచ్చలే.

మన దగ్గరా ఇలాంటి పని బోలెడుంది. హైదరాబాద్, తిరుపతిలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయాల్లో వేల తాళపత్రాలున్నాయి. దేశవ్యాప్తంగా కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి భద్రపరిచే ‘జ్ఞాన భారతం’ మిషన్‌ను కేంద్రం 2025 బడ్జెట్‌లో ప్రకటించింది. పాత తెలుగు లిపి చదవగలిగేవాళ్లు, ఇమేజ్ ప్రాసెసింగ్ తెలిసినవాళ్లు, ఆకు విరగకుండా శుభ్రం చేయగలిగేవాళ్లు... అందరూ కావాలి.

దారులు ఇవీ...
• ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం విభాగం ఉంది. పుణెలోని దక్కన్ కాలేజీ పురావస్తు శాస్త్రానికి పేరున్నది.
• పీజీ తర్వాత గ్రేటర్ నోయిడాలోని దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా చేయొచ్చు. ఇది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థదే.
• పురావస్తువుల పరిరక్షణపై ఆసక్తి ఉన్న కెమిస్ట్రీ విద్యార్థులు లఖ్‌నవూలోని జాతీయ పరిరక్షణ ప్రయోగశాల గురించి తెలుసుకోవాలి.
• పైథాన్ వస్తే వెసూవియస్ ఛాలెంజ్ డేటా, గెలిచినవాళ్ల కోడ్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి సరుకేముంది?

హెర్క్యులేనియంలో ఇంకా వందల చుట్టలు మూసే ఉన్నాయి. విల్లాలో చాలా భాగం తవ్వకుండానే ఉంది. అంటే పని అయిపోలేదు. చేసేవాళ్ల కోసం ఎదురుచూస్తోంది.