ఫ్లాపు సినిమాకూ ఓ లెక్కుంది!

హిట్టు సినిమా లెక్కలు మనకు కొత్త కాదు. ఎన్ని సెంటర్లు, ఎన్ని రోజులు, ఎంత వసూలు అని నాయ్‌గావ్ చాయ్ హోటల్ల కూసున్న ఏ పోరన్నడిగినా గుక్క తిప్పకుండ చెప్తడు. మరి ఫ్లాపు సినిమాలకు లెక్క రాసేటోళ్లున్నరంటే నమ్ముతరా?

అమెరికాలో 2007లో మొదలైన 'ది ఫ్లాప్ హౌస్' అనే పాడ్‌కాస్ట్ ఉంది. పాడ్‌కాస్ట్ అంటే ఫోన్ల ఎప్పుడంటే అప్పుడు వినే రేడియో ముచ్చట. ముగ్గురు దోస్తులు ఆడని సినిమా చూసి, నవ్వుకుంట మాట్లాడి, ఆఖరుకు తీర్పు చెప్తరు: చెడ్డదైనా మజా ఇచ్చిందా, ఉత్త చెడ్డదా, కొంచెం నచ్చిందా? అభిమానులు ఆ తీర్పులన్నీ పట్టికలకెక్కించి, ఎవరు గట్టోళ్లు, ఎవరిది మెత్తని మనసు అని గీతలు గీసి చూపిస్తరు.

పనిలేని పని అనకండి. పోస్టర్ మీది వసూళ్లు సినిమా అమ్ముకునేటోళ్లు వేసిన అంకెలు. ఇవి విన్నోళ్లు సొంతంగా రాసుకున్నవి; ఎవరైనా మళ్లా విని సరిచూడొచ్చు.

మన పిల్లలకు ఈ అలవాటుంటే సినిమా దగ్గరే ఆపొద్దు. నాయిన హాజరు, ఓవర్‌టైం గంటలు, పీఎఫ్ కోత నెలనెలా నోటుబుక్కుల రాయించండి. ఓవర్‌టైంకు రెట్టింపు కూలి 1948 ఫ్యాక్టరీల చట్టం నాటినుంచి ఉన్న హక్కు. గంటలు మన దగ్గర రాసి ఉంటేనే అడగనీకి నోరొస్తది.