చిప్స్ కట్టర్ కొనేముందు చూడాల్సిన రెండు అంకెలు

కాకరకాయ చిప్స్ వాయి దించాక కొన్ని ముక్కలు మాడిపోయి, కొన్ని నడుమ మెత్తగా మిగిలాయంటే నూనెను, పొయ్యిని తప్పుపట్టనక్కర్లేదు. ముక్కలు ఒకే మందంలో లేవన్నమాట. ముక్క నడుమ ఉన్న తేమ బయటికి రావడానికి పట్టే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే సమయం స్థూలంగా నాలుగింతలు. అందుకే 1.5 మిల్లీమీటర్ల ముక్క కరకరలాడే వేళకి పక్కనే ఉన్న 3 మిల్లీమీటర్ల ముక్క ఇంకా పచ్చిగానే ఉంటుంది. కత్తితో యాభై ముక్కల్ని ఒకే మందంలో తరగడం చెయ్యి తిరిగిన వంటవాళ్లకే చెల్లు. మిగతా అందరికీ ఆ పని చేసిపెట్టేది స్లైసర్.

హైదరాబాద్ శివార్లలోని బడంగ్‌పేట్, అల్మాస్‌గూడ, మీర్‌పేట, నాదర్‌గుల్ వైపు ఇళ్లకి ఇది కొత్త వస్తువేం కాదు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీదైనా, బేగంబజార్ గిన్నెల దుకాణంలోనైనా చిప్స్ కట్టర్ అని అడిగితే తీసి చూపిస్తారు. ఆన్‌లైన్‌లో ఇదే మాండొలిన్ స్లైసర్. వందా రెండొందల ప్లాస్టిక్ రకం నుంచి వేల రూపాయల స్టీలు రకం దాకా దొరుకుతుంది. ఎక్కువమంది పెట్టె మీద ఎన్ని బ్లేడ్లు ఉన్నాయో చూసి కొంటారు. ఆ లెక్కను పక్కన పెట్టండి. చూడాల్సినవి రెండే అంకెలు. ఒకటి ముక్క మందం, మిల్లీమీటర్లలో. రెండోది చెయ్యి ఆగాల్సిన చోటు, సెంటీమీటర్లలో. మొదటిది వంటను కాపాడుతుంది, రెండోది వేలిని కాపాడుతుంది.

మందం ఎక్కడ నిర్ణయమవుతుంది?

స్లైసర్‌ని బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడండి. బ్లేడుకి ముందు ఒక పలక, వెనక ఒక పలక ఉంటాయి. మరను తిప్పితే కదిలేది సాధారణంగా బ్లేడు కాదు, ముందు పలక. అది బ్లేడు అంచు కంటే ఎంత కిందికి దిగితే ముక్క అంత మందంగా వస్తుంది. 2 మిల్లీమీటర్లు దిగితే 2 మిల్లీమీటర్ల ముక్క. చవక రకాల్లో ఈ పలక దిగదు, కదలదు. తయారుచేసినప్పుడు పెట్టిన మందమే ఎప్పటికీ ఉంటుంది. చిప్స్‌కి మాత్రమే వాడతామంటే అది చాలు. ఉల్లిగడ్డకీ, కీరకీ, బజ్జీకీ ఒకటే స్లైసర్ కావాలంటే చాలదు.

చాలావాటి మీద మిల్లీమీటర్లు రాసి ఉండవు, 1, 2, 3 అని గుర్తులు మాత్రమే ఉంటాయి. అప్పుడు పిల్లల స్కూలు స్కేలు చాలు. ఒక క్యారెట్ తరిగి పది చక్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చి ఎత్తు కొలవండి. దొంతర 20 మిల్లీమీటర్లు వస్తే ఒక్కో ముక్క 2 మిల్లీమీటర్లు. ప్రతి గుర్తుకీ ఒకసారి ఇలా కొలిచి, పరికరం వెనక మార్కర్‌తో రాసిపెట్టుకుంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

ఏ పనికి ఎంత?

మన వంటలకి పనికొచ్చే కొలతలు ఇవి:

• ఆలుగడ్డ చిప్స్: 1 నుంచి 1.5 మి.మీ.
• అరటికాయ, కాకరకాయ చిప్స్: 1.5 నుంచి 2 మి.మీ.
• బిర్యానీకి వేయించే ఉల్లిగడ్డ: 2 మి.మీ.
• క్యాబేజీ వేపుడు: 2 మి.మీ.
• సలాడ్‌కి కీర, క్యారెట్: 2 నుంచి 3 మి.మీ.
• బజ్జీకి అరటికాయ, ఆలుగడ్డ: 3 మి.మీ.
• వేపుడు కూరకి ఆలుగడ్డ చక్రాలు: 4 నుంచి 5 మి.మీ.

అంటే 1 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా సర్దుకునే పరికరం ఒకటి ఇంట్లో ఉంటే తెలుగు వంటింటి అవసరాలు దాదాపు అన్నీ తీరిపోతాయి.

సన్నగా కోసినకొద్దీ మంచిదే అనుకోవద్దు. కిలో ఆలుగడ్డను 1.5 మిల్లీమీటర్ల చక్రాలుగా తరిగితే రెండు వైపులా కలిపి సుమారు 1.2 చదరపు మీటర్ల తలం నూనెకు తగులుతుంది. 3 మిల్లీమీటర్లయితే అందులో సగం, 0.6 చదరపు మీటర్లు. నూనె పట్టేది ప్రధానంగా ఆ తలానికే. కాబట్టి అదే కిలో ఆలుగడ్డ సన్నటి చిప్స్‌గా మారితే ఎక్కువ నూనె తాగుతుంది. ఆలుగడ్డలో ఐదింట నాలుగు వంతులు నీరే. అది పోయి దాని చోట కొంత నూనె చేరుతుంది. నాలుగు కిలోల ఆలుగడ్డకు కిలో చిప్స్ దిగుతాయని వ్యాపారంలో వేసే లెక్క ఇందుకే.

తరిగిన ఆలుగడ్డ ముక్కల్ని 15 నుంచి 30 నిమిషాలు నీళ్లలో నానబెట్టి, గుడ్డ మీద బాగా ఆరబెట్టి వేయించండి. పైనున్న పిండిపదార్థం, చక్కెరలు కొంత కడుక్కుపోతాయి. ఆలుగడ్డను 120 డిగ్రీల సెల్సియస్‌కి మించిన వేడిలో వేయించినప్పుడు పుట్టే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం కూడా దీంతో తగ్గుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇంటి వంటకు ఇచ్చే సలహాల్లో ఇదొకటి. ముక్కలు బంగారు రంగుకి రాగానే దించేయాలి, గోధుమ రంగు దాకా ఆగొద్దు.

3 మిల్లీమీటర్లు, 2 సెంటీమీటర్లు

ఇక రెండో అంకె. 15 సెంటీమీటర్ల క్యారెట్‌ని 3 మిల్లీమీటర్ల చక్రాలుగా తరుగుతున్నారనుకోండి. ప్రతి కోతకీ మీ వేళ్లు బ్లేడుకి 3 మిల్లీమీటర్లు దగ్గరవుతాయి. క్యారెట్ 2 సెంటీమీటర్లు మిగిలిందంటే ఇంకా ఆరేడు కోతలే ఉన్నాయి. సెకనుకి రెండు కోతల వేగంతో చెయ్యి ఆడుతుంటే అవి మూడున్నర సెకన్లలో అయిపోతాయి. వాకిట్లో ఎవరో పిలిచారని తల తిప్పి చూసేంత సమయం అది. వేలి కొస తెగేది ఎక్కువగా ఇక్కడే.

అందుకే నియమం ఇది: కూరగాయ 2 సెంటీమీటర్లకు రాగానే వట్టి చెయ్యి ఆగిపోవాలి. మిగిలిన ముక్కను కత్తితో తరిగి సాంబారులో వేయండి. 100 గ్రాముల క్యారెట్‌లో ఆ కొస సుమారు 13 గ్రాములు. కిలో 60 రూపాయలు అనుకుంటే దాని విలువ 80 పైసలు. ఆ 80 పైసల కోసం వేలిని బ్లేడు దగ్గరికి తీసుకెళ్లొద్దు.

ఉల్లిగడ్డ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బిర్యానీకి కిలో ఉల్లిగడ్డ తరగాలంటే వంద గ్రాముల గడ్డలు పది, అంటే ఇరవై సగాలు. ఒక్కో సగం ఎత్తు సుమారు 3 సెంటీమీటర్లు. 2 మిల్లీమీటర్ల మందంలో ఒక్కో సగానికి 15 కోతలు, మొత్తం 300 కోతలు. 2 సెంటీమీటర్ల దగ్గర ఆగాలంటే సగం గడ్డకు ఐదు కోతలతోనే ఆపేయాలి. అంటే ఉల్లిగడ్డకి వట్టి చెయ్యి పనికిరాదు, మొదటి కోత నుంచే కూరగాయను గుచ్చి పట్టుకునే గార్డు పెట్టాలి. రెండు కొసలూ తీసేసి, నిలువునా సగం చేసి, చదునైన వైపు పలకకు ఆనించి గార్డుతో జరిపితే పొడుగు పాయలుగా వస్తాయి. ఉల్లిగడ్డలో 85 శాతానికి పైగా నీరే కాబట్టి వేగడానికి ఎటూ సమయం పడుతుంది. పాయలన్నీ ఒకే మందంలో ఉంటేనే రంగు ఒకేసారి తిరుగుతుంది.

గార్డు చేతిలో సరిగా ఇమడడం లేదనుకునేవాళ్లు దానికి తోడు కోత తట్టుకునే చేతితొడుగు వాడొచ్చు. తొడుగు మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 388 గానీ, అమెరికా ప్రమాణపు ఏ1 నుంచి ఏ9 వరకు ఉండే స్థాయి గానీ రాసి ఉండాలి. ఏ4 అంటే, పరీక్షలో పదునైన బ్లేడు 20 మిల్లీమీటర్లు జరిగి ఆ వస్త్రాన్ని తెంచడానికి దాని మీద కనీసం 1,500 గ్రాముల బరువు పెట్టాల్సి వచ్చిందని అర్థం. వంటింటికి ఏ4 గానీ అంతకు మించి గానీ తీసుకోండి. అయితే ఇది కోతను తట్టుకునేదే, అసలు తెగనిది కాదు. తొడుగు ఉంది కదా అని గార్డు పక్కన పడేయొద్దు.

దుకాణంలో చూడాల్సినవి

1. మందం: 1 నుంచి 5 మి.మీ. వరకు సర్దుబాటు ఉండాలి. బ్లేడు పూర్తిగా మూసుకుపోయే సున్నా గుర్తు లేదా లాక్ ఉండాలి.

2. వెడల్పు: సగం చేసిన పెద్ద ఉల్లిగడ్డ 7 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. బ్లేడు 8 సెంటీమీటర్లకు తక్కువైతే ప్రతి గడ్డనూ నాలుగు చెక్కలు చేసుకోవాల్సి వస్తుంది.

3. గార్డు: కూరగాయను గుచ్చి పట్టుకునే ముళ్లు ఉండాలి. పలక మీద ఈ కొస నుంచి ఆ కొసకి జరిపి చూడండి. మధ్యలో ఇరుక్కుంటే ఆ గార్డును ఇంట్లో ఎవరూ వాడరు.

4. నిలకడ: కాళ్లకి రబ్బరు ఉండాలి. నున్నటి గ్రానైట్ గట్టు మీద జారుతుంటే కింద తడిగుడ్డ పరవండి.

5. బ్లేడు ఆకారం: అడ్డంగా తిన్నగా ఉన్న బ్లేడుకి ఎక్కువ బలం పెట్టాలి. ఏటవాలుగా ఉన్నదీ, వి ఆకారంలో ఉన్నదీ జారుతూ కోస్తాయి కాబట్టి తక్కువ బలం చాలు. టమాటా లాంటి మెత్తటివాటికి వి ఆకారమే నయం. ఎంత తక్కువ నొక్కితే చెయ్యి అంత తక్కువగా జారుతుంది.

6. స్టీలు: 304 స్టీలు బ్లేడు అని చెబితే మురిసిపోనక్కర్లేదు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న ఆ స్టీలు తుప్పును బాగా తట్టుకుంటుంది, పలకకు మంచిది. కానీ వేడిచేసి చల్లార్చి దాన్ని గట్టిపరచడం కుదరదు. పదును నిలవాలంటే 420 వంటి గట్టిపడే రకం కావాలి. అది తుప్పుకి కాస్త లొంగుతుంది కాబట్టి కడగ్గానే తుడవాలి.

7. ప్యాకెట్: ఎమ్మార్పీ, తయారీదారు పేరు, చిరునామా, దిగుమతి చేసుకున్నదైతే ఏ దేశానిదో రాసి ఉండాలి. ప్యాకెట్ వస్తువులకు 2011 నాటి తూనికలు కొలతల నియమాలు చెప్పేది ఇదే. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

కూరగాయల ఎంపికతోనూ సగం పని తేలికవుతుంది. సరూర్‌నగర్ రైతు బజారులోనైనా, వీధి అంగడిలోనైనా స్లైసర్ కోసం ఏరేటప్పుడు గట్టిగా, వంకర లేకుండా ఉన్నవి తీసుకోండి. వడలిన క్యారెట్, మెత్తబడిన కీర బ్లేడు దగ్గర వంగి చేతిని జారుస్తాయి. కందగడ్డ, ముదిరిన గుమ్మడి లాంటివి కత్తిపీటకే వదిలేయండి. ఒకేసారి పది కిలోలు తరగాల్సిన కర్రీ పాయింట్‌కి, వినాయక చవితి అన్నదానానికి చేతి స్లైసర్ సరిపోదు. వేల కోతలు పడేసరికి చెయ్యి అలిసిపోతుంది, అలిసిన చెయ్యే జారుతుంది. అలాంటిచోట గొట్టంలోంచి కూరగాయను తోసే మోటారు కట్టర్ వాడటం మంచిది.

కడగడం, దాచడం

తరగడం అయ్యాక స్లైసర్‌ని సబ్బు నురగ నిండిన సింకులో వేసి మర్చిపోవడం పెద్ద పొరపాటు. గిన్నెల కోసం చెయ్యి పెట్టినవాళ్లకి బ్లేడు కనిపించదు. విడిగా పట్టుకుని, కుళాయి కింద, పిడి ఉన్న బ్రష్‌తో బ్లేడు వీపు నుంచి అంచు వైపుకి తోమండి. వెంటనే తుడవండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఆరిన తడి తెల్లటి మరకలు కడుతుంది, పలక మీద కూరగాయ సాఫీగా జరగదు. సున్నా గుర్తుకి తిప్పి, పిల్లలకి అందని అరలో పెట్టండి. మునుపటికంటే ఎక్కువ నొక్కాల్సి వస్తోందంటే పదును పోయినట్టే. బ్లేడు మార్చండి, కుదరకపోతే స్లైసర్‌నే మార్చండి.

తెగితే

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి ఎత్తి, 10 నిమిషాలు వదలకుండా పట్టుకోండి. మధ్యలో తీసి చూడొద్దు. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. అవి గాయంలో ఇరుక్కుని డాక్టర్ పని పెంచుతాయి. పది నిమిషాల తరవాత కూడా రక్తం ఆగకపోయినా, వేలికి స్పర్శ తెలియకపోయినా, వేలు ముడవలేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. కొస ఊడి వస్తే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచి తీసుకెళ్లండి. ముక్కకి ఐసు నేరుగా తగలకూడదు. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. గాయం మురికిదైతే ఐదేళ్లు దాటినా చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, షుగరు వల్ల వేళ్లకి తిమ్మిరి ఉన్నవాళ్లు గార్డు లేకుండా ఒక్క కోత కూడా కోయకూడదు.

ఈ లెక్కలన్నీ కలిపితే తేలేది ఇదే: ఇంటికి ఒక స్లైసర్ చాలు. మందం 1 నుంచి 5 మిల్లీమీటర్లు, బ్లేడు 8 సెంటీమీటర్లు, సాఫీగా జరిగే గార్డు ఉంటే రెండు బ్లేడ్ల పెట్టె అయినా పది బ్లేడ్ల పెట్టె కంటే మేలు. గార్డు లేనిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. ఇప్పటికే ఇంట్లో ఉండి, గార్డు ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటే, ఈ పూట కూర తరగడానికి ముందే దాన్ని వెతికి బయటికి తీయండి.