మీకు తెలుసా? జెట్ వెనక తెల్లగా సాగేది పొగ కాదు

2024 డిసెంబరు 8న హుస్సేన్‌సాగర్ మీద భారత వాయుసేన సూర్యకిరణ్ దళం జెట్లు గీసిన తెల్లటి చారలు దేన్నో కాల్చిన పొగ కావు. ఇంజన్ వెనక నుంచి వచ్చే సెగలోకి డీజిల్ చిమ్మితే అది ఆవిరై, బయటి చల్లగాలి తగలగానే సన్నటి బిందువులుగా మారి మంచులా కనిపిస్తుంది. బీదర్ నుంచి వచ్చే ఈ దళానిది హాక్ విమానం.

నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే రేడియోతో ఎగరేసే మోడల్ విమానాల బుల్లి టర్బైన్ ఇంజన్‌కూ ఇదే కిటుకు. డీజిల్ లాంటి నూనెకు విడిగా ఓ ట్యాంకు, చిన్న కరెంటు పంపు, సన్నటి లోహపు గొట్టం చాలు. గొట్టం కొస ఎగ్జాస్ట్ మూతి దగ్గరే ఉండాలి. ఇంజన్ లోపలికి జరిగితే నూనె అంటుకుంటుంది, తెల్లదనం పోతుంది. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ బరువు మారుతుంది కాబట్టి దాన్ని విమానం తూకం నిలిచే చోటే బిగిస్తారు.

హైదరాబాద్ మాదన్నపేటలోని మేడ మీద ఇదంతా అమర్చుకోవచ్చు గానీ, ఎగరేయాలంటే ఊరి బయట విశాలమైన చదును నేల వెతుక్కోవాల్సిందే. ఇక్కడి ఆకాశం సంక్రాంతి పతంగులకే ఇరుకు!

అసలు జాగ్రత్త పంపు దగ్గరే. థ్రాటిల్ సగం దాటాకే అది తిరిగేలా రేడియోలో కట్టడి పెట్టాలి. సెగ చాలకపోతే నూనె ఎగ్జాస్ట్ గొట్టంలోనే మడుగు కట్టి, భగ్గుమంటుంది.