ఒకటే బైబిలు... తీర్పులే వేరు!

చర్చిలో పెళ్లికి ముందు కొన్ని ఆదివారాలు వరుసగా వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లెవరైనా ఉంటే తెలియజేయమని అడగడం మీరు వినే ఉంటారు. సాధారణంగా ఎవరూ నోరు విప్పరు. కాబోయే పెళ్లికూతురు తలొంచుకుని ముసిముసిగా నవ్వుకుంటుంది, అంతే. కానీ చదివిన ఆ రెండు పేర్లలో ఒకటి కోర్టులో విడాకులు తీసుకున్న మనిషిదైతే? అప్పుడది మాట వరసకు అడిగే ప్రశ్న కాదు. ఆ పేరు ఆడమనిషిదైతే మరీనూ!

దానికి జవాబు మనం ఏ చర్చిలో కూర్చున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. మన ఓరుగల్లునే తీసుకోండి. కాజీపేటలో ఫాతిమా కేథడ్రల్ ఉంది. 1952లో ఏర్పడిన వరంగల్ కథోలిక మేత్రాసనానికి అదే ప్రధాన దేవాలయం. హనుమకొండకు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1879లో వచ్చారు. ఇటు రైలెక్కితే డోర్నకల్. భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు అజరయ్య గారు 1912లో బాధ్యతలు తీసుకున్న చోటు. ఇప్పుడది దక్షిణ ఇండియా సంఘంలో ఉంది, అంటే మనం సి.ఎస్.ఐ. అనేది. ఇవిగాక బ్రదరన్ సహవాసాలు, పెంతెకొస్తు మందిరాలు, ఏ గొడుగు కిందా లేని స్వతంత్ర సంఘాలు. అందరూ చదివేది అవే నాలుగు సువార్తలు. కానీ విడాకులైన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా అని అడగండి, తలో మాటా చెబుతారు.

ఇదంతా ఫాదర్లూ పాస్టర్లూ తేల్చుకోవాల్సిన వ్యవహారం, మనకెందుకు అనుకోకండి. ఆ తీర్పు వచ్చి పడేది ఒక ఇంటి మీద. ఎక్కువసార్లు ఒక ఆడపిల్ల మీద.

కూర మాడినా చాలట!

అసలీ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. మత్తయి సువార్త 19వ అధ్యాయంలో పరిసయ్యులు యేసు దగ్గరికొచ్చి ఒక చిక్కుప్రశ్న వేస్తారు. ఏ కారణం చేతనైనా సరే మగవాడు భార్యను వదిలేయవచ్చా అని. ఈ ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ప్రకారం భార్యలో ఏదైనా అవమానకరమైనది కనబడితే భర్త పరిత్యాగ పత్రిక రాసి ఆమె చేతికిచ్చి పంపేయవచ్చు. ఆ 'అవమానకరమైనది' అంటే ఏమిటి? షమ్మాయి అనే గురువు శిష్యులు శీలం తప్పితేనే అన్నారు. హిల్లేలు శిష్యులు ఏదైనా సరే అన్నారు, చివరికి వంట పాడుచేసినా సరేనట! యూదుల మిష్నా గ్రంథంలో ఈ వాదన ఉంది. కూర మాడితే కాపురం పోయే రోజులన్నమాట. మనలో ఎంతమందిమి మిగిలేవాళ్లమో!

కాగితం రాసే చెయ్యి మగవాడిది, పట్టుకుని గడప దాటే చెయ్యి ఆడదానిది. అలాంటి చోట యేసు చెప్పిన జవాబు ఇది: దేవుడు కలిపిన జంటను మనిషి విడదీయరాదు, మీ గుండె రాయి గనుక మోషే ఒప్పుకున్నాడు గానీ మొదట్నుంచీ ఉన్నది ఇది కాదు. వ్యభిచార కారణం లేకుండా భార్యను వదిలి మరొకతెను చేసుకున్నవాడు వ్యభిచరించినట్టే. విన్న శిష్యులు ఏమన్నారో తెలుసా? భార్యతో సంగతి ఇలా ఉంటే అసలు పెళ్లి చేసుకోకపోవడమే మేలన్నారు. వాళ్లూ మగవాళ్లే కదా మరి!

ఆ జవాబు మగవాళ్లకు చెప్పింది. ఏ అండా లేని భార్యను వీధిపాలు చెయ్యొద్దని చెప్పింది. ఈ రోజు అదే మాటను తన్నులు తిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లకు చదివి వినిపించి, 'వెళ్లి సర్దుకో తల్లీ' అని పంపేస్తున్నాం. నాకైతే ఇది తిరగేసి చదవడంలా కనిపిస్తుంది.

ఒక్క మాట మీద ఇన్ని వాదాలు

మత్తయిలో ఉన్న ఆ 'వ్యభిచార కారణం' అనే మినహాయింపు మార్కు 10వ అధ్యాయంలో లేదు, లూకా 16లోనూ లేదు. చిక్కంతా ఇక్కడే. మత్తయి వాడిన గ్రీకు మాట 'పోర్నేయా'. వ్యభిచారానికి వాళ్ల భాషలో వేరే మాట ఉంది, అదే వాక్యంలో వాడాడు కూడా. మరి ఇదెందుకు వాడినట్టు? అసలు చెల్లని పెళ్లిళ్ల గురించి, అంటే దగ్గరి రక్తసంబంధీకుల మధ్య జరిగినవాటి గురించి అన్నాడని కథోలిక పండితులు చాలామంది అంటారు. ప్రధానం అయ్యి పెళ్లి కాకముందు జరిగే తప్పు గురించి అని ఇంకొందరంటారు. వీళ్లు యోసేపును గుర్తుచేస్తారు, మరియమ్మ గర్భవతి అని తెలిసి గుట్టుగా వదిలేద్దామనుకున్నది ప్రధానమయ్యాకే గదా అని. కాదు, ఎలాంటి లైంగిక ద్రోహమైనా అందులోకి వస్తుందని, మోసపోయిన మనిషి మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 16వ శతాబ్దపు సంస్కర్తలు లూథరు, కాల్విను వాదించారు. ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది ఆ దారినే నడిచారు. కథోలికులు 1563లో ట్రెంట్ మహాసభలో తమ మాట బిగించుకున్నారు. మోసపోయినా సరే, భాగస్వామి బతికుండగా రెండో పెళ్లి కూడదని.

ఇక పౌలు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో భార్య భర్తను విడిచి వెళ్లొద్దన్నాడు. వెంటనే, ఒకవేళ వెళ్తే పెళ్లి లేకుండా ఉండాలి, లేదా భర్తతో సమాధానపడాలి అన్నాడు. అంటే విడిగా బతుకుతున్న భార్య ఆయనకు తెలుసు, ఆమెను సంఘంలోంచి గెంటేయమనలేదు. ఇంకాస్త కిందికొస్తే, అవిశ్వాసి అయిన భర్త తానే వదిలి వెళ్తే వెళ్లనివ్వమన్నాడు, అప్పుడు ఆ సోదరి బంధంలో లేదన్నాడు. బంధంలో లేదంటే మళ్లీ పెళ్లి చేసుకోవచ్చనా, కాపురానికి వెంటపడక్కర్లేదనా? రెండువేల ఏళ్లుగా వాదిస్తూనే ఉన్నారు. మన దేశంలో ఇది పుస్తకాల్లో వాదనగా మిగల్లేదు. బాప్తిస్మం తీసుకున్నందుకు భార్యో భర్తో వదిలేసి వెళ్లిన కొత్త క్రైస్తవుల కోసమని ఆంగ్లేయుల ప్రభుత్వం 1866లో ఏకంగా ఒక చట్టమే చేసింది.

మరి బాప్తిస్మం ఉండీ, ఆదివారం ముందు వరసలో కూర్చుంటూ, భార్యను వదిలేసినవాడి సంగతేమిటి? పౌలు చెప్పిన అవిశ్వాసి లెక్కలోకి వాడొస్తాడా? సంఘం మాట కూడా విననివాడిని అన్యుడిగా ఎంచమని మత్తయి 18లో ఉంది గనుక వస్తాడని కొందరు కాపరులంటారు, రాడని కొందరు.

మారుమనువు ఏమైంది?

మన పల్లెల సంగతి ఒకటి చెప్పాలి. తెలుగునాట మిషనరీల చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో చాలామంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఒంగోలు ప్రాంతంలో 1878 జులై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కుటుంబాల్లో కాపురం కుదరకపోతే కులపెద్దల ముందు తెంచుకోవడం, ఆడమనిషి మారుమనువు చేసుకోవడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. తెంచుకున్న కాగితాన్నే మన వైపు 'ఇడుపు కాయితం' అంటారు. చర్చి వచ్చి బహుభార్యాత్వాన్ని కట్టడి చేసింది, అది ఆడవాళ్లకు మేలే. దాంతోపాటు మారుమనువు దారి కూడా ఇరుకైపోయింది. పద్ధతి మాత్రం పూర్తిగా పోలేదు. చర్చిలో చెయ్యరని తెలిసి ఈనాటికీ పెద్దమనుషుల ముందు కాగితం రాసుకునే క్రైస్తవ కుటుంబాలున్నాయి.

మాకు తెలిసిన ఒకావిడ అలాగే రాసుకుంది. అసలు రాయించింది ఆమె భర్తే. ఏడాది తిరక్కుండా వేరే ఊళ్లో, వేరే సంఘంలో పెళ్లి చేసుకున్నాడు. ఈమె అంగన్‌వాడీలో పని చేస్తూ కూతుర్ని చదివించుకుంటోంది. ఓ సంబంధం వచ్చింది, మంచివాడే. సంఘపెద్దల్ని అడిగితే కుదరదన్నారు. ఒకరోజు మా ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ అంది: "ఆయన పెండ్లి జేసుకుంటె ఏడ అడిగినోళ్లు లేరక్కా. నేను జేసుకుంటె పాపమంట. గా పుస్తకం ఇద్దరికి ఒక్కటే గదా?" నేనేం చెప్పను! బైబిలు సంగతి అలా ఉంచి, ముందు ఆ కాగితం పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లమన్నాను.

ఎందుకంటే ఆ కాగితం చెల్లదు. కులాచారం ప్రకారం విడిపోవడాన్ని హిందూ వివాహ చట్టం కొన్ని చోట్ల ఒప్పుకుంటుంది, ఆచారం రుజువైతే. క్రైస్తవుల చట్టంలో ఆ వెసులుబాటు లేదు. అంటే ఆ భర్త రెండో పెళ్లి నేరం కిందికే వస్తుంది. చర్చి ఇచ్చే కాగితమూ అంతే. కథోలిక న్యాయసభ పెళ్లి చెల్లదని తీర్పిచ్చినా, సర్కారు దృష్టిలో ఆ పెళ్లి ఉన్నట్టే. సుప్రీంకోర్టు 1996లో మాలీ జోసెఫ్ కేసులో ఈ మాటే చెప్పింది, 2017లో మళ్లీ చెప్పింది. అటు కోర్టు విడాకులిచ్చినా కథోలిక గురువు రెండో పెళ్లి చెయ్యరు. రెండు గుమ్మాలూ వేర్వేరుగా ఎక్కాల్సిందే.

కోర్టు గుమ్మం మాత్రం తేలిగ్గా ఉండేదా! 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భార్య శీలం తప్పిందని రుజువు చేస్తే భర్తకు విడాకులు వచ్చేవి. భార్యకు అది చాలదు. భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో కూడా చూపించాలి. ఒక్క తన్నులకే విడాకులు లేవు. ఆపైన జిల్లా కోర్టు తీర్పుకు హైకోర్టు ఆమోదం కావాలి. మార్చమని లా కమిషన్ 1983లో చెప్పింది, 1998లో చెప్పింది. ఈలోగా 1995లో కేరళ హైకోర్టు, 1997లో బొంబాయి హైకోర్టు ఆ తేడా చెల్లదన్నాయి. చివరికి 2001లో పార్లమెంటు సవరించింది. 132 ఏళ్లు పట్టింది! ఇప్పుడు క్రూరత్వం, రెండేళ్లు వదిలేయడం దేనికదే కారణం, భార్యకైనా భర్తకైనా. పరస్పర అంగీకారంతోనూ తీసుకోవచ్చు. దానికి విడిగా ఉండాల్సిన గడువు చట్టంలో రెండేళ్లు, ఏడాది చాలని కేరళ హైకోర్టు 2010లో అంది.

మూడూ ఒకటి కాదు

మన ఇళ్లల్లో మూడు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టేస్తున్నారు. ప్రాణభయంతో విడిగా ఉండటం ఒకటి, కోర్టులో విడాకులు ఇంకొకటి, మళ్లీ పెళ్లి మరొకటి. చర్చిల మధ్య పెద్ద తగాదా మూడోదాని మీద, కొంత రెండోదాని మీద. మొదటిదాని మీద అంత తగాదా లేదు. అందరికంటే గట్టిగా పట్టుబట్టే కథోలిక శాసనాన్నే చూడండి. భాగస్వామి వల్ల తనకో పిల్లలకో శరీరానికైనా మనసుకైనా పెద్ద ప్రమాదం ఉంటే విడిగా వెళ్లే హక్కు 1153వ నియమంలో ఉంది. ఆలస్యం ప్రమాదమైతే ఎవరి అనుమతీ కోసం ఆగక్కర్లేదు కూడా. విడాకులకు దేవుడు విరోధి అని అందరూ వల్లించే మలాకీ 2వ అధ్యాయంలోనూ నిందపడేది యవ్వనకాలపు భార్యకు ద్రోహం చేసిన మగవాడి మీద. అదే వచనంలో దౌర్జన్యాన్ని బట్టలా కప్పుకున్నవాడి మాట కూడా ఉంది. ఆ సగం ఎందుకో ఎవరూ చదవరు.

ఇంకో అపోహ. విడాకులు తీసుకున్న కథోలిక స్త్రీకి దివ్యసత్ప్రసాదం ఇవ్వరని చాలామంది అనుకుని, గుడి మానేసి కుమిలిపోతుంటారు. కోర్టు విడాకులై, మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీకి ఆ కారణాన అడ్డేమీ లేదు. అడ్డల్లా మళ్లీ పెళ్లితోనే. అక్కడ కూడా మొదటి పెళ్లి మొదట్నుంచీ చెల్లలేదని రుజువు చేసుకునే దారి ఉంది, బలవంతపు పెళ్లో, మోసమో, బాధ్యత మోయలేని మానసిక స్థితో ఉంటే. పెళ్లి చెల్లదంటే పిల్లలు అక్రమ సంతానమవుతారని భయపడకండి, అవరు. పోప్ ఫ్రాన్సిస్ 2015లో ఈ విచారణను తేలిక చేశారు. రెండో న్యాయసభ కూడా అదే తీర్పు ఇవ్వాలన్న నియమం తీసేశారు. మొదటి అడుగు విచారణ గురువు గారితో మాట్లాడటమే.

బాప్టిస్టు సంఘాల్లో అలాంటి న్యాయసభ లేదు. ఏ సంఘం నిర్ణయం ఆ సంఘానిదే. అందుకే పక్కపక్క వీధుల్లోని రెండు సంఘాలు రెండు రకాలుగా చెప్పవచ్చు. దీన్లో మంచీ ఉంది, చెడూ ఉంది. మనసున్న కాపరి ఉంటే ఆమె కథంతా వింటారు. లేదా పలుకుబడి ఉన్నవాడి రెండో పెళ్లికి ఒక వచనం, బీద మనిషి పెళ్లికి ఇంకో వచనం దొరుకుతాయి. సంఘపెద్దల వరసలో ఒక్క ఆడమనిషైనా కూర్చుంటే ప్రశ్నలు వేరేగా ఉంటాయేమో!

ఇంగ్లండు చర్చిలోనూ ఈ పేచీ ఉన్నదే. విడాకులైనవాళ్లకు ప్రత్యేక పరిస్థితుల్లో చర్చిలో పెళ్లి చెయ్యవచ్చని వాళ్లు 2002లో ఒప్పుకున్నారు. అయినా 2005లో చార్లెస్, కెమిల్లాల పెళ్లి చర్చిలో కాలేదు. విండ్సర్ టౌనుహాల్లో రిజిస్టరు పెళ్లి చేసుకుని, తర్వాత చాపెల్‌కు వెళ్లి ప్రార్థన చేయించుకున్నారు.

మన దగ్గరా అలాగే చేస్తున్నవాళ్లున్నారు. కోర్టు విడాకులు చేతికొచ్చి, అప్పీలు గడువు దాటాక, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెడతారు. అక్కడా నోటీసు గోడకంటిస్తారు, 30 రోజుల్లో అభ్యంతరాలుంటే చెప్పమంటారు. మొదటి పెళ్లి చట్టప్రకారం తెగిందని డిక్రీ చూపించాలి, అందుకే దాని నకళ్లు రెండు మూడు తీసి పెట్టుకోవడం మంచిది. పెళ్లయ్యాక సాయంత్రం ఇంట్లో నలుగురినీ పిలిచి, వచ్చే పాస్టరు గారుంటే ప్రార్థన చేయిస్తారు. మా అంగన్‌వాడీ ఆవిడ కేసు ఇంకా ఆ మెట్టు దాకా రాలేదు. వాయిదా వచ్చే నెలకు పడింది.